నాలుగో నిమ్మకాయ

నేను నంద్యాలలో పళ్ల డాక్టర్ని. ఏడాదికి రెండు మూడుసార్లు నా స్పోర్ట్స్ కారులో మద్రాసు దగ్గరి రేస్ ట్రాక్‌కు వెళ్లి సరదా తీర్చుకుంటాను. దారిలో ఆళ్లగడ్డలో మా మేనత్త నాలుగు చక్రాల కిందా కుంకుమ పెట్టిన నిమ్మకాయలు ఉంచి, కారుతో తొక్కించనిదే కదలనివ్వదు.

పోయినేడూ అలాగే తొక్కించాను. మూడే నలిగాయి. నాలుగోది ఎంత వెతికినా కనబడలేదు.

"అది నలగకుండా పోవాకు పాపా" అంది అత్త. నవ్వేసి బయలుదేరాను.

ట్రాక్ మీద కారులో వదులుగా ఏ వస్తువూ ఉండకూడదు. అందుకే మర్నాడు నాతో వచ్చిన మెకానిక్ మాబు కారంతా ఖాళీ చేసి, కాళ్ల కింది మ్యాట్లు కూడా తీసేశాడు. మొదటి రౌండు బాగానే సాగింది. రెండో రౌండులో మలుపు ముందు బ్రేకు తొక్కితే పెడల్ సగంలోనే ఆగిపోయింది. కింద గుండ్రంగా ఏదో అడ్డుపడింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. అది మెత్తగా నలిగింది. కారు కంకరలోకి దూసుకెళ్లి, టైర్ల గోడకు జానెడు దూరంలో ఆగింది.

మాబు పెడల్ కింది నుంచి నిమ్మకాయ తీశాడు. "నేను సూసినప్పుడు ఈడ ఏం లేదక్కా. కుంకుమ ఇంకా తడి ఆరలేదు సూడు" అన్నాడు.

ట్రాక్‌కు వెళ్లడం నేను మానలేదు. ఎక్కే ముందు మాత్రం పెడల్ కింద తడిమి చూసుకుంటాను. మొన్నా చూశాను, ఏమీ లేదు. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకు కుంకుమ అంటుకుని ఉంది.