ఆరు నెలల మూఢం

ఆ రోజుల్లో నాకు రోగమంటే కంటికి కనిపించేదేనని గట్టి నమ్మకం. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ పనిలో బండలెత్తీ ఎత్తీ హెర్నియా వచ్చినప్పుడు కూడా, అది ఉబ్బి కనిపించింది గనకే ఒప్పుకున్నాను. పెళ్లి ఖాయమై ఉంది. ఆపరేషన్ ముందే చేయించుకొమ్మని అమ్మ పట్టుబట్టింది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సమ్మ రక్తం తీస్తూ, ఎయిడ్స్, కామెర్ల వైరస్‌ల పరీక్షలు కూడా చేస్తామంది. అమ్మ భగ్గుమంది. “నా కొడుకు బీడీ గూడ తాగడు! గా పరీక్షలు వానికెందుకు?”

“ఆపరేషన్‌కు ముందు అందరికీ చేస్తమమ్మా. మొగం చూస్తే తెలుస్తదా?” అంది నర్సమ్మ. (నేనైతే తెలుస్తుందనుకుని, వీలైనంత అమాయకంగా కూర్చున్నాను.)

హెపటైటిస్ బి ఉందని తేలింది. ఎప్పుడు, ఎలా సోకిందో చెప్పలేమన్నారు. ఇక్కడ ఆపరేషన్ కుదరదు, వికారాబాద్ పొమ్మన్నారు. బస్సులో అమ్మ నా పక్కన కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంటూనే ఉంది. వికారాబాద్ డాక్టరు మాత్రం లివర్ పరీక్షలన్నీ చూసి, “చేస్తం. మా జాగ్రత్తలు ఎవరికైనా గవే” అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. వెక్కితే హెర్నియా నొప్పి, అందుకని నెమ్మదిగా ఏడ్చాను. పెళ్లికూతురికి పరీక్ష చేయించి, టీకా వేయించాలని కూడా ఆయనే చెప్పాడు.

“చెప్తే సంబంధం పోతది కొడుకా” అంది అమ్మ. చెప్పకపోతే ఆ అమ్మాయి ఏమైపోవాలి? కోట్‌పల్లిలో ఉన్న ఆమెకే ఫోన్ చేసి, ఊపిరి తీయకుండా అంతా చెప్పేశాను. 

“ముట్టుకుంటే వస్తదా?” అంది.

“రాదు. కలిసి తిన్నా రాదు. రక్తంతోని వస్తది. ఇంకా... పెళ్లయినంక...”

“సమజైంది, ఊకోండ్రి” అంది. “టీకా అయినంకనే పెళ్లి చేసుకుందాం. మా నాయనకు నేను చెప్త.”

ఆపరేషన్ అయిన మర్నాడు వాళ్ల నాయనే వార్డుకు వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు. తిట్టడానికే వచ్చాడనుకుని దుప్పటి గొంతు దాకా లాక్కున్నాను. “నొప్పున్నదా?” అన్నాడు. తర్వాత మెల్లగా, “బిడ్డకు పరీక్ష చేపిచ్చిన, ఏం లేదు. మొదటి సూది ఏపిచ్చిన” అన్నాడు.

మూడు సూదులూ పూర్తయ్యేసరికి ఆరు నెలలు. పెళ్లి ఎందుకు ఆగిందని అడిగితే ఆయన అందరికీ మూఢమని చెప్పాడు. “ఆరు నెలల మూఢం యాడన్న ఉంటదా?” అని పంతులు నిలదీస్తే, “మా ఇంట్ల ఉంటది” అన్నాడట.

పెళ్లయ్యేదాకా ఆ ఆరు నెలలూ ఆమెకు ఫోన్ చేసి, సూది వేసిన చెయ్యి నొస్తోందా అని అడగడం తప్ప నాకు మరో ప్రేమ మాట తోచలేదు. అప్పటి నాలోని ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నాకే ముద్దొస్తాడు.