ఎక్కడికని అడగని ప్రయాణం

విజయవాడలో బందరు బస్సెక్కి కూర్చున్నాను. పక్కసీట్లో పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ తన ఫోను నా చేతిలో పెట్టింది.

"బాబూ, మా అబ్బాయి ఇందులో లొకేషన్ షేరింగ్ పెట్టాడు. సాయంత్రందాకా ఆపి పెట్టు."

"అబ్బాయితో ఏమన్నా గొడవాండీ?"

"అబ్బే! మేనకోడలికి సంబంధం మాట్లాడ్డానికి వెళ్తున్నా. నేను ఊరు దాటినట్టు కనపడగానే ఫోన్ చేసి, ఎక్కడికమ్మా అంటాడు. బయల్దేరిన మనిషిని అట్లా అడిగితే పనవుద్దా?"

ఈ పట్టింపు మా ఇంట్లోనూ ఉంది గానీ, అది ఫోన్లోకీ ఎక్కిందని ఆ రోజే తెలిసింది. నవ్వుకుంటూ షేరింగ్ పాజ్ చేసి, మళ్లీ ఎలా పెట్టుకోవాలో చూపించాను. ఆవిడ స్థిమితపడింది.

అంతలో కండక్టరు మా దగ్గరికొచ్చాడు. అతను నోరు తెరవకముందే ఆవిడ "పామర్రు!" అని కేకేసింది.

తర్వాత నా వంతు. నేనూ అతను అడక్కముందే "బందరు" అనేశాను.