గేజీల మీది బొట్లు

ద్రాక్షారామ భీమేశ్వరునకు ప్రణమిల్లి, వైశాఖ శుద్ధ దశమి నాటి సంగతి వ్రాస్తున్నాను.

రాజమహేంద్రవరం వెళ్లే అద్దెకారులో వెనుకసీటున మరో ఇద్దరు ప్రయాణికుల పక్కన కూర్చున్నాను. డ్రైవరు టర్బో ఇంజనుకు ట్యూనింగ్ చేయించి, దాని వేడినీ ఆయిలు ప్రెషరునూ చూపే గేజీలను ఎదురుగా బిగించాడు. పిమ్మట వాహనపూజ చేయించి, వాటి అద్దాలనిండా గంధమూ కుంకుమా పూయించాడు. ముల్లు కనబడదు. కారు దూసుకుపోతుండగా మాడిన నూనె వాసన వచ్చింది.

ముందుసీటులోని నడివయసు స్త్రీ అడిగింది: "ముల్లు ఎక్కడుందో చూశావా బాబూ?"

"స్వామివారు చూసుకుంటారండి."

"అయితే గేజీలు ఆయన కోసం పెట్టించావా?" అంటూ ఆమె కొంగుతో అద్దం తుడిచింది. ఆయిలు ప్రెషరు ముల్లు అట్టడుగున ఉంది. "ఆపు! ఆయిలు అందక ఇంజను పట్టేస్తుంది."

"పూజబొట్టు చెరిపేశారేంటండి! దిగండి ముందు!"

మండుటెండలో ఆమెను దింపేశాడు. నా పక్కనున్న ఇద్దరూ అపచారమంటూ వాడికి వంతపాడారు. భక్తి పేరిట కన్నులు కప్పుకునే ఆ మూర్ఖత్వానికి నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ దిగి, తలుపు విసిరికొట్టాను.

ఆమే నేనూ వెనుకవచ్చిన బస్సెక్కాము. ఆ దశమి మధ్యాహ్నమే, మండపేట చేరకముందే, ఆ కారు ఇంజను పట్టేసి రోడ్డుపై నిలిచిపోయి కనిపించింది. నా కోపం చల్లారలేదు. ఆమె మాత్రం కండక్టరుకు చెప్పి బస్సు ఆపించి, డ్రైవరుతో సహా ముగ్గురినీ ఎక్కించింది.