తాగించి చూపించమన్న మస్తాన్ డాక్టరు గారు

మొన్న నా మందుల కొట్లో పిప్పరమెంటు నూనె సీసా జారి పగిలింది. ఆ ఘాటుకు నరసరావుపేటలో పడిశం పట్టిన ముక్కులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయనీ, సత్తెనపల్లి బస్సులో కునికేవాళ్లు కూడా లేచి కూర్చున్నారనీ చెబితే మీరు నమ్మరు. నాకు మాత్రం ముక్కుతోపాటు ఒళ్లు కూడా మండింది. ఆ వాసన వెంబడే, తన ప్రతి మిక్స్చరులోనూ ఆ నూనే వేయించే మస్తాన్ డాక్టరు గారు వచ్చి కళ్లముందు నిలబడ్డారు మరి.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఈ ఊళ్లోనే ఆయన దగ్గర కాంపౌండరుగా చేశాను. ఆయన చీటీ రాస్తే నేను మందు కలిపి, సీసాకు గాట్లు కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవాణ్ణి. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. ఇంకెక్కడైనా పని అక్కడితో అయిపోతుంది. మా దగ్గర అక్కడ మొదలయ్యేది. సీసా పట్టుకున్న ప్రతి మనిషీ ఆ మందు ఇంట్లో ఎట్లా తాగుతాడో, ఎవరికి ఎట్లా తాగిస్తాడో డాక్టరు గారి ముందు అభినయించి చూపించాలి. చూపిస్తేగాని గుమ్మం దాటనిచ్చేవారు కాదు. మా వరండాలో నాటకం కంపెనీ దిగిందనుకుని టిక్కెట్టు ఎంతని అడిగినవాళ్లున్నారు. వరస తలకాయ మా గుమ్మంలో ఉంటే తోక ఎడ్లపాడులో ఉండేది. సగం జ్వరాలు ఆ వరసలోనే విసుగెత్తి దిగిపోయేవి.

"మీరు రాసింది రాసినట్టే కలిపాను గదండీ, ఇంకేం కావాలి?" అని ఒకనాడు తెగించి అడిగాను.

"నువ్వు సరిగ్గానే కలిపావయ్యా. నేను సరిగ్గా రాశానని నీకెవరు చెప్పారు?" అన్నారు. ఇటువంటి మనిషితో ఎట్లా వేగేది?

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రొంపిచెర్ల నుంచి ఒక కోడలుపిల్ల వచ్చింది. ఇంట్లో నీళ్ల విరేచనాలట, పొద్దుటినుంచీ కట్టడం లేదట.

"ఎవరికమ్మా? పేరు చెప్పు" అన్నారు డాక్టరు గారు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా మామ పేరండీ. నేను చెప్పగూడదు."

వరసలో ఉన్న వాళ్ల ఊరాయన ఒకడు అందుకున్నాడు. "నాసరయ్యండీ. మా ఊళ్లో ఆయన్ని ఎరగనోడెవడు? డెబ్బయ్యేళ్లుంటయ్. రాళ్లు తిని అరిగించుకుంటాడు!"

"ఈసారి అరిగినట్టు లేదుగా!" అన్నాడు పక్కవాడు.

ఆమె ఏదో చెప్పబోయింది గాని, ఆ మగవాళ్ల నవ్వుల్లో తల వంచుకుంది. డాక్టరు గారు నాసరయ్య అని, పెద్దాయన అని రాసి, నల్లమందు కలిసిన మిక్స్చరుకు చీటీ ఇచ్చారు. నేను కలిపి ఇచ్చాను. ఆకలితో నా పేగులు ఒకదాన్నొకటి తినేస్తున్నాయి.

"ఎట్టా తాగిస్తావో చూపించమ్మా" అన్నారాయన. నేను పళ్లు నూరిన చప్పుడు వీధి చివరి దాకా వినపడే ఉంటుంది.

ఆమె సిగ్గుపడుతూ నేలమీద కూర్చుంది. రెండు కాళ్లూ బారచాపింది. లేని మనిషిని ఎత్తి ఆ కాళ్లమీద పడుకోబెట్టుకుంది. ఒక చేత్తో బుగ్గలు నొక్కిపట్టి, రెండో చేత్తో ఉగ్గుగిన్నె వంచింది.

డెబ్బయ్యేళ్ల మామ కోడలి కాళ్లమీద! వరండా అంతా పగలబడి నవ్వింది. నేను గోడ పట్టుకుని మరీ నవ్వాను. డాక్టరు గారు మాత్రం లేచి నిలబడ్డారు. ముఖాన నెత్తురుచుక్క లేదు.

"నాసరయ్యకు ఎన్నేళ్లమ్మా?"

"ఉగాదికి రెండు నిండినయ్యండీ. తాత పేరు పెట్టారు. నేను బుడ్డోడా అని పిలుస్తా."

పెద్దవాళ్ల మోతాదు నల్లమందు రెండేళ్ల పసివాణ్ణి మళ్లీ లేవకుండా నిద్రపుచ్చేస్తుంది. సీసా ఆమె చేతిలోంచి ఆయనే తీసుకున్నారు. చీటీ చింపేశారు. వరసనంతా నా నెత్తిన పడేసి, మందుల పెట్టె పట్టుకుని ఆమె వచ్చిన బండిలోనే రొంపిచెర్ల వెళ్లిపోయారు. దీపాలవేళకు తిరిగొచ్చి, "కళ్లు తెరిచి నన్ను తన్నాడయ్యా వాడు!" అని పదవి వచ్చినంతగా మురిసిపోయారు. మర్నాటినుంచి కొత్త చట్టం: చీటీ రాయకముందు ఒకసారి, సీసా ఇచ్చాక మరొకసారి చూపించాలి.

ఆ సాయంత్రమే ఆయన ఒక మాట అడిగారు. "ఆ పిల్ల సిగ్గుపడి కూర్చోనంటే? నీ మొహం చూసి నేనూ సరే పొమ్మంటే?" జవాబు కోసం ఆగకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్లారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. "ఏందయ్యా నీ చాదస్తం, మందియ్!" అని జనం నామీద విసుక్కుని ఎదురు కొట్టుకు పోతుంటారు. పోనీండి. తాగించి చూపించందే సీసాను నా చెయ్యి వదలదు.