మా మామిడి చెట్లు, వాళ్ళ గ్రీన్ బెల్ట్

కోపం తగ్గాక ఇది రాద్దామని చాలా రోజులు ఆగాను. తగ్గలేదు. ఇక తగ్గేది కాదని అర్థమై, కోపంతోనే రాస్తున్నాను.

ఆగిరిపల్లి దాటి లోపలికి వెళ్ళే దారిలో మాకో మామిడి తోట ఉంది. నాన్న నాటింది. నాన్న పోయాక దాన్ని అక్క చూసుకుంటోంది. నేను నూజివీడులో ఉంటూ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. బావగారు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. అక్కకు ఉన్నదల్లా ఆ తోటే. తిండీ అదే, పనీ అదే, కబుర్లూ దాని గురించే. ఫోన్ చేసి "ఎలా ఉన్నావక్కా" అంటే, "పూత బాగానే వచ్చిందే" అంటుంది. తన ఆరోగ్యం గురించి అడిగానని ఆవిడకు తోచదు.

తోటకు ఉత్తరాన చిన్న గుట్ట ఉండేది. ఉంది అని రాయలేను, ఇప్పుడు సగమే మిగిలింది. చిన్నప్పుడు అక్కా నేనూ దాని మీద సీతాఫలాలు కోసుకునేవాళ్ళం. నాలుగేళ్ళ కిందట ఎవరో దాన్ని లీజుకు తీసుకుని, పైన క్వారీ, కింద క్రషర్ పెట్టారు. మా సరిహద్దు గట్టుకు అవతలే యంత్రం. బ్లాస్టింగ్ చేసినప్పుడు అక్క ఇంట్లో గిన్నెలు మోగేవి. దానికి అలవాటు పడ్డాం. దుమ్ముకు మాత్రం అలవాటు పడలేకపోయాం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నూజివీడులో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు, స్లాబులో పోసిన కంకర ఎక్కడి నుంచి వచ్చిందని నేనేనాడూ అడగలేదు. ఏదో ఒక ఊరి గుట్టే అయ్యుంటుంది. కాబట్టి రాయి తీయొద్దని అనే మొహం నాకు లేదు, అనలేదు కూడా. తీయడానికి ఒక పద్ధతి ఉంది. యంత్రం చుట్టూ రేకులు కప్పాలి. రాయి పగిలేచోట నీళ్ళు చిమ్మాలి. టిప్పర్ మీద బరకం కట్టాలి. చుట్టూ, తమ స్థలంలో, దట్టంగా చెట్లు పెంచాలి, దాన్నే గ్రీన్ బెల్ట్ అంటారు. తవ్వడం అయిపోయిన గుంతను పూడ్చాలి. ఇవి నేను కనిపెట్టినవి కావు, వాళ్ళ పర్మిషన్ కాగితాల్లో వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టినవి. సంతకం పెట్టారు, కాగితాన్ని బీరువాలో పెట్టారు, దుమ్మును మాత్రం మా మీదకు వదిలారు.

మొదటి ఏడాది పూత మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనిపించింది. మంచేమో అనుకున్నాం. వేలితో రాస్తే గరగరలాడింది. ఆ ఏడాది బంగినపల్లి చెట్లకు పిందె కట్టడమే గగనమైంది. నోట్లో మట్టి కొట్టడం అని కోపంలో అంటూ ఉంటాం కదా. దాన్ని మేం అక్షరాలా చూశాం.

అక్క వెళ్ళి క్రషర్ మేనేజర్‌ను అడిగింది. అతను కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, "గాలి అటు తిరిగితే మేమేం చేస్తామండీ" అన్నాడు. గాలి తప్పట. అక్క కూల్‌డ్రింక్ ముట్టకుండా వచ్చేసింది. ఆ మరుసటి నెల క్రషర్ యజమాని మా చర్చి ఆవరణలో పరవడానికి రెండు టిప్పర్ల కంకర ఇచ్చాడు. ఆ ఆదివారం ఆయన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. అక్క నా మోచెయ్యి గిల్లింది.

రెండో ఏడాది నేను చేసిన పని చెప్పాలి. అది తలుచుకుంటే క్రషర్ వాళ్ళ మీద కంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది. పూత బాగా వచ్చింది, దుమ్ము కూడా అంతే బాగా వచ్చింది. అక్క దిగాలుగా ఫోన్ చేసింది. నేను చాలా తెలివిగా, "కడిగెయ్యక్కా. మందు కొట్టే ట్రాక్టర్ ట్యాంకులో ఉత్త నీళ్ళు పోయించి, పూత మీద గట్టిగా కొట్టించు" అన్నాను. పువ్వు మీద మట్టి ఉంటే పుప్పొడి అంటుకోదని పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని కదా. ఆ ప్రెషరుకు పూత నిలబడుతుందా అని ఒక్క క్షణం ఆలోచించలేదు. నాన్నయితే పూత మీద ఒక్క వాన పడినా అన్నం సహించక తిరిగేవాడు. అది కూడా గుర్తు రాలేదు.

అక్క నా మాట విని కొట్టించింది. దుమ్ము పోయింది. పుప్పొడి పోయింది. సగం పూత కిందికి రాలింది. మిగిలింది తడికి నల్లబడింది. నేను వెళ్ళేసరికి అక్క చెట్ల కింద చీపురుతో పూత ఊడుస్తోంది.

"నువ్వు చదివింది ఏంటే అసలు?" అంది.

ఆవిడ ఇంకో మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వేసవిలోనే మేనేజర్ మళ్ళీ వచ్చాడు. తోట ఎలాగూ కాయడం లేదు కాబట్టి తమకు ఇచ్చేస్తే స్టాక్ పోసుకోవడానికి వాడుకుంటామన్నాడు. కాపు పోగొట్టిందీ వాళ్ళే, కాపు లేదని బేరానికి వచ్చిందీ వాళ్ళే. అక్క అతన్ని గేటు దాకా సాగనంపి, గేటుకు తాళం వేసి వచ్చింది. అంతకు ముందు ఆ గేటుకు తాళం ఉండేది కాదు.

వానలు వెనకబట్టాక ఇద్దరు మనుషులు సున్నం బకెట్లు, జేగురు రంగు డబ్బాలు పట్టుకుని గుట్ట వైపు నుంచి గట్టు దాటి వచ్చారు. ఆ వైపు మా సరిహద్దు వెంట పదకొండు చెట్లు వరసగా ఉంటాయి. ఎనిమిది బంగినపల్లి, రెండు చిన్న రసాలు, ఒకటి కలెక్టర్ మామిడి. ఆ పదకొండింటికీ మొదళ్ళ చుట్టూ తెల్లగా సున్నం వేసి, పైన ఎర్రటి పట్టీ గీశారు. ఎవరు పంపారని అక్క అడిగితే, "చెదలు పట్టకుండా అండీ, ఫ్రీయేనండీ" అన్నారు. గవర్నమెంటు వాళ్ళేమో, ఎన్నాళ్ళకైనా ఒక మంచి పని చేశారనుకుంది అక్క. ఎండలో కష్టపడుతున్నారని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

అసలు సంగతి మరుసటి వేసవిలో తెలిసింది. ఎన్ని ఫిర్యాదులు పెట్టినా, తనిఖీ చేశాం, అన్నీ సక్రమంగా ఉన్నాయి అనే జవాబే వస్తుంటే ఒళ్ళు మండి, ఆ తనిఖీ రిపోర్టు కాపీ ఇమ్మని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. ఏ ఆఫీసన్నది చెప్పను, చెప్పినా వాళ్ళకు సిగ్గు ఉండదు. కవరు వచ్చింది. అందులో నీళ్ళు చిమ్ముతున్న యంత్రం ఫొటో ఉంది. తనిఖీ రోజున ఒక్క పూట చిమ్మినట్టున్నారు. దాని కింద "యూనిట్ చుట్టూ గ్రీన్ బెల్ట్ అభివృద్ధి చేయబడినది" అని ఒక వాక్యం. పక్కన ఫొటో. మొదళ్ళకు సున్నం, ఎర్ర పట్టీ. ఆరోగ్యంగా, వరసగా, పదకొండు మామిడి చెట్లు.

స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఆ ఫొటోలో చెట్లను వేలితో మళ్ళీ లెక్కపెట్టాను. మా నాన్న భుజం మీద కావిడితో నీళ్ళు మోసి బతికించిన చెట్లు అవి. ఆయన చెట్లను వాళ్ళు పెంచారట. ఆ సాయంత్రమే తోటకు వెళ్ళి అక్కకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, కాగితం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మజ్జిగ కూడా ఇచ్చానే వాళ్ళకి" అంది.

తర్వాత నేను మూడు అర్జీలు రాశాను. ఒక్కదానికీ కదలిక లేదు. ఒక అధికారిని కలిస్తే, "పచ్చదనం ఎవరిదైతే ఏముంది మేడం, అక్కడ పచ్చదనం ఉందా లేదా అన్నదే పాయింటు" అన్నాడు. చెవిలో పువ్వులు పెట్టడానికి కూడా ఓ హద్దుండాలి.

కాయల కోతలు అయిపోయాక, జూలైలో ఒక ఉదయం అక్క ఫోన్ చేసింది. "సెలవు పెట్టి రా" అంది. ఎందుకో చెప్పలేదు. నేను తోట దగ్గర బండి దిగేసరికి రంపం మిషన్ చప్పుడు వినిపించింది. అప్పటికే నాలుగు చెట్లు నేల మీద ఉన్నాయి. ఐదోది వంగుతోంది. అక్క నడుముకు కొంగు బిగించి, ఎండలో నిలబడి చూస్తోంది.

"పిచ్చెక్కిందా అక్కా నీకు! నాన్న చెట్లే ఇవి!" అని అరిచాను.

"నాన్నవా?" అంది నా వైపు తిరక్కుండానే. "వాళ్ళవని రాసుకున్నారుగా. వాళ్ళ ఫొటోలోంచి తీసేస్తున్నా."

ఆపమని మిషన్ వాళ్ళకు చెప్పాను. వాళ్ళు అక్క వైపు చూశారు. అక్క కానివ్వమన్నట్టు చెయ్యి ఊపింది. ఇంతలో గట్టు అవతల నుంచి మేనేజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతని మొహంలో నిజమైన కంగారు నేను చూసింది ఆ రోజే.

"ఏంటండీ ఇది! మా గ్రీన్ బెల్ట్ కొట్టేస్తున్నారేంటండీ!"

"మీదా?" అంది అక్క.

అతను నాలిక్కరుచుకున్నాడు. "అంటే... ఫైల్లో ఉందండీ."

"ఫైల్లో ఉంటే ఆ ఫైలు కిందే నీడకి కూర్చో నాయనా."

పదకొండూ కొట్టించింది. ఆఖరి కలెక్టర్ చెట్టు దగ్గర మాత్రం మొహం పక్కకు తిప్పుకుంది. నేను గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చాను, నన్నెవరూ ఓదార్చలేదు.

పది రోజుల్లో అక్కకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా మీ సర్వే నంబరులోని పదకొండు మామిడి చెట్లు నరికినందుకు సంజాయిషీ చెప్పండి అని. ఎవరు ఫిర్యాదు చేశారో చెప్పక్కర్లేదు. అక్క ఆ నోటీసును రెండుసార్లు చదివించుకుని, మడిచి, బైబిల్లో పెట్టుకుంది. దానికోసమే ఎదురుచూస్తోందని నాకు అప్పుడు అర్థమైంది.

విచారణకు ఇద్దరం వెళ్ళాం. కొత్తగా వచ్చిన అధికారి, పెద్ద వయసేం కాదు. అక్క బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి తనిఖీ రిపోర్టు, ఒకటి నోటీసు.

"అయ్యా, ఈ పదకొండు చెట్లు నావా, వాళ్ళవా? నావైతే ఈ రిపోర్టు అబద్ధం. వాళ్ళవైతే నాకు నోటీసెందుకండీ? ఏదో ఒకటి మీరే చెప్పండి, రాసుకుని పోతాను."

ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద పేపర్ వెయిట్ పెట్టాడు. అది కూడా నున్నటి గ్రానైట్ ముక్కే. చివరికి "మీ చెట్లేనమ్మా" అన్నాడు. అక్క ఆ మాటను కాగితం మీద రాయించుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ కాగితంతో తనిఖీ రిపోర్టు అబద్ధమని తేలింది, క్రషర్ ఆగింది. రేకులు కప్పి, నీళ్ళు చిమ్మే పైపులు బిగించి, తమ స్థలంలో చెట్లు నాటేదాకా నడపకూడదన్నారు. మూడు నెలలు గుట్ట మీద చప్పుడు లేదు. డిసెంబరులో మళ్ళీ మొదలైంది. రేకులు వచ్చాయి. నీళ్ళు నిజంగానే చిమ్ముతున్నారు. ఇదివరకటి దుమ్ములో సగం తగ్గింది, అది అబద్ధం చెప్పను. గట్టు వెంట మొక్కలు కూడా నాటారు. మోకాలి ఎత్తున్నాయి. మేం గెలిచామని చర్చిలో అందరూ చేతులు పట్టుకుని మరీ చెప్పారు.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక అక్కతో కలిసి తోటలోకి వెళ్ళాను. పిందె కట్టింది. లోపలి చెట్లకు గుత్తులు గుత్తులుగా ఉంది. నాలుగేళ్ళలో అంత కాపు చూడలేదు. అలా నడుస్తూ ఉత్తరపు గట్టు వైపు వెళ్ళేసరికి నా అడుగు ఆగిపోయింది. మొదళ్ళు మాత్రం మిగిలిన ఆ వరస వెనక, రెండో వరస చెట్లు తెల్లగా ఉన్నాయి. ఆకులూ, పూతా అంతా తెలుపే. ఒక్క పిందె లేదు.

బోర్డు మీద బొమ్మలు గీసే నాకు అది అప్పుడు తట్టింది. దుమ్మును ఆపుతూ వచ్చింది ఆ పదకొండు చెట్లే. కాపు పోగొట్టుకుని, లోపలి తోటకు అడ్డం నిలబడ్డవి అవే. ఆ రిపోర్టులో వాళ్ళు రాసిన అబద్ధంలో ఆ ఒక్క ముక్క మాత్రం నిజం. అవి వాళ్ళ గ్రీన్ బెల్టే.

"అక్కా, మన చేతులతో మనమే..." అన్నాను.

"నాకు తెలుసే" అంది అక్క. "కొట్టించక ముందే తెలుసు. ఆ వరస లేకపోతే తర్వాతి వరస మీద పడుద్దని తెలీదా నాకు? నలభై ఏళ్ళ నుంచి ఈ చెట్ల కిందే ఉన్నా."

"మరెందుకు కొట్టించావు?"

"ఇంకేం చెయ్యమంటావు? నువ్వు రాసిన అర్జీలన్నీ ఏమయ్యాయి?"

ఆవిడ కొంగుతో ఒక ఆకు తుడిచింది, తర్వాత ఇంకోటి తుడిచింది. చెట్టంతా అలా తుడవలేం కదా. అయినా చేతికి అందినంతవరకు తుడుస్తూనే ఉంది. నేను చెప్పుల కింద గరగరమంటున్న రాతిపొడి మీద నిలబడి, ఆవిడ వీపు చూస్తూ ఉండిపోయాను. మా చెట్లు మావేనని ఒక కాగితం మీద రాయించుకోవడానికి మా అక్క వాటిని నరికించాల్సి వచ్చింది. దీనికి నేను ఎవరినీ క్షమించను.