నా పేరు మీద ఆయన సెలవు

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. మా ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్లు, కలలో కనిపించారా అని అడిగేవారు. లేదని చెప్పి టీ పెట్టేదాన్ని. నిజంగానే ఒక్కసారీ కనిపించలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది శ్రీకాకుళం వైపు. రాయ్‌పూర్‌లో దేవేంద్ర నగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఆయన ఊరి బయట సిల్తారాలో, ఉక్కుకి వాడే స్పాంజ్ ఐరన్ తయారుచేసే ఒక ప్లాంటులో ప్లానింగ్ ఇంజనీరు. ఏ రోజు ఎవరు ఏ పని చెయ్యాలో కంప్యూటర్లో వేసేవారు. పండగలు, వారపు సెలవులు, ఎవరెవరు ఎప్పుడు రారో అన్నీ అందులో గుర్తుపెట్టేది ఆయనే. అందరి సెలవులూ రాసే మనిషి తను మాత్రం సెలవు పెట్టేవారు కాదు. పాప పుట్టినప్పుడు కూడా డ్యూటీలోనే ఉన్నారు. ఆ కోపం నాకు పోలేదు.

పోవడానికి వారం ముందు కూడా గొడవపడ్డాం.

"ప్లాంటులో ఈ షట్‌డౌన్ రిపేర్లు అవ్వనీవే. పాప కోసం ఒక్కరోజు పక్కా ఛుట్టీ పెడతాను, సరేనా," అన్నారు.

"ఆ, పెట్టినట్టే ఉంది," అన్నాను.

తర్వాత ఆఫీసులోనే గుండెపోటు వచ్చి పోయారు. నాకు ఏడుపు రాలేదు. వంట చేశాను, కాగితాల మీద సంతకాలు పెట్టాను.

రెండు నెలలకి ఆయన కుర్చీలోనే నాకు ఉద్యోగం ఇచ్చారు. నేను చేసిన మొదటి పని, కంప్యూటర్లో మనుషుల జాబితాలో ఆయన పేరు చెరిపి నా పేరు కొట్టడం. పేరు మార్చినా దాని కింద ముందే గుర్తుపెట్టిన సెలవులు అలాగే ఉండిపోతాయని అప్పటికి నాకు తెలియదు.

ఆ నెల ప్లాను అచ్చు తీసి నోటీసు బోర్డుకి పెట్టాక మా సూపర్‌వైజర్ సాహూ వచ్చాడు. "బుధవారం మీకు ఛుట్టీ కదా భాభీ, మీ పని నేను చూసుకుంటాను," అన్నాడు హిందీలో. నేనేం సెలవు పెట్టలేదే అనుకుంటూ కంప్యూటర్లో ప్లాను తెరిచి చూశాను. నా పేరు కింద ఒకే ఒక్క సెలవు. పక్కన 'పాప' అని ఉంది. ఆయన ఉండగా దాచిన పాత కాపీలోనూ అదే తేదీ, అదే మాట. ఆ రోజు పండగ కాదు, పాప పుట్టినరోజూ కాదు. తీసేద్దామనుకున్నాను. ప్లాను మీద సంతకాలు అయిపోయాయి, మళ్లీ అందరి చుట్టూ తిరిగే ఓపిక లేక వదిలేశాను.

బుధవారం పొద్దున్నే పాప కడుపునొప్పి అంది. మామూలుగా అయితే బడి ఎగ్గొట్టడానికి వేషాలు అని ఆటో ఎక్కించేదాన్ని. తొందర లేదు కాబట్టి పక్కన కూర్చున్నాను. పది గంటలకి మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రిలో అపెండిక్స్ అన్నారు, మధ్యాహ్నమే ఆపరేషన్ చేశారు. సాయంత్రం దాకా ఆగుంటే లోపలే పగిలిపోయేదని డాక్టరమ్మ చెప్పింది. ప్లాంటులో మా ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. బడివాళ్లు ఎంత ప్రయత్నించినా నాకు సాయంత్రం దాకా తెలిసేది కాదు.

మాట ఇచ్చారు కాబట్టి ఏదో ఒక తేదీ వేసి ఉంటారని సాహూ అంటాడు. అయ్యుండొచ్చు. అన్ని రోజుల్లో ఆ బుధవారమే ఎందుకు వేశారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు పక్క కుర్చీలో నా సంచి పెట్టబోయాను. ఆ కుర్చీ ఖాళీగా వదిలేసి ఒళ్లోనే పెట్టుకున్నాను.