అక్క పీతకు నేను జరిపిన అంత్యక్రియలు

సముద్రం లేని ఊళ్ళో సముద్ర విపత్తు తేవడం ఆషామాషీ పని కాదు. అలలు లేవు, తుఫాను హెచ్చరికలు లేవు, సికింద్రాబాద్ స్టేషన్లో ఎంతసేపు నిలబడినా ఉప్పుగాలి తగలదు. అయినా నేను తెచ్చాను. సీతాఫల్‌మండిలో, మేముండే పై వాటాలో, టీవీ పక్కన, రెండు బిందెల నీళ్ళు పట్టే గాజు తొట్టిలో తెచ్చాను. ప్రాణనష్టం ఒకటి. ఆస్తినష్టం జరగలేదు, మా ఇంట్లో ఆస్తి లేదు కాబట్టి.

మా అక్క జంతుశాస్త్రం లెక్చరర్. ఒక ప్రైవేటు కాలేజీలో కాంట్రాక్టు మీద చెబుతుండేది, అంటే ఏ ఎండాకాలం సెలవుల్లో "ఇక రావద్దు" అంటారోనని భయపడుతూ చెబుతుండేది. ఆ ఏడు ఒక్క ఉద్యోగం పర్మనెంటు చేస్తామన్నారు. ప్రిన్సిపాల్ ముందు, పిల్లల ముందు డెమో క్లాసు చెప్పాలి. ఎవరిది బాగుంటే వాళ్ళకు ఉద్యోగం. అక్క ఎంచుకున్న పాఠం, ఐరోపా తీరాల పచ్చపీత తన ఊరు వదిలి ప్రపంచం మీద ఎలా పడింది అన్నది.

నాకు పీతలతో ఉన్న పరిచయమంతా పులుసు ద్వారానే. కానీ అక్క బెండకాయలు తరుగుతూ పాఠం వల్లెవేస్తుంటే వినక తప్పుతుందా? ఆ పచ్చపీత అరచేతిలో పట్టేంత ఉంటుందట. ఆడది ఒక్క విడతలో లక్ష దాటి గుడ్లు పెట్టగలదట. పిల్లలు కంటికి ఆనవు, వారాల తరబడి నీళ్ళలో తేలుతూ పోతాయి. చలికీ వేడికీ తట్టుకుంటుంది, ఉప్పు తగ్గినా సర్దుకుంటుంది. ఇంత సర్దుబాటు గుణం ఉన్న జీవికి హైదరాబాదులో ఎవరైనా ఇల్లు అద్దెకిస్తారు. చిక్కల్లా తర్వాతే. కొత్త తీరంలో దిగాక ఆల్చిప్పల్ని, తనకంటే చిన్న పీతల్ని తినేసి, సముద్రపు గడ్డిని కూడా పీకి పారేసి, ఆ తీరం మొదటినుంచీ తనదేనన్నట్టు తిరుగుతుంది.

పరాయి పీత బొమ్మల్లో ఉంటే చాలు, స్థానిక పీత మాత్రం ప్రాణంతో కళ్ళముందు ఉండాలని అక్క పట్టు. విశాఖ రాళ్ళ మధ్య తిరిగే చిన్న పీత ఒకటి, తెలిసినవాళ్ళ ల్యాబు నుంచి, తొట్టితో, ఉప్పునీళ్ళతో, బుడగలు వదిలే మోటారుతో సహా మా ఇంటికొచ్చింది.

"ఇది మన పీత. పిల్లలకి దీన్ని చూపించి, దీని చోటుకి పరాయిది వస్తే ఏటవుద్దో చెప్తాను," అంది అక్క.

సరిగ్గా డెమోకు ముందే శ్రీకాకుళంలో పెద్దమ్మ మనవరాలికి చెవులు కుట్టే వేడుక పడింది. వెళ్ళకపోతే ఆ పిల్ల పెళ్ళి దాకా పెద్దమ్మ దెప్పుతూనే ఉంటుంది. సోమవారం పొద్దున రైలు దిగి, ఇంటికొచ్చి, తొట్టి తీసుకుని కాలేజీకి పోవాలని అక్క ఏర్పాటు. "నా ఉద్యోగం నీ చేతిలో పెట్టి వెళ్తున్నానురా," అని, పీత ఏం తింటుందో, ఏం చేస్తుందో, ఏం చేస్తే కంగారు పడకూడదో వివరంగా చెప్పింది. నేను ఫోనులో క్రికెట్ చూస్తూ తల ఊపాను. తల ఊపడంలో నాకు మంచి అనుభవం ఉంది. కంప్యూటర్లు మొరాయించిన వాళ్ళ గోడంతా ఫోనులో విని, "ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి" అని చెప్పడమే నా ఉద్యోగం.

శనివారం పీత తిండి ముట్టలేదు. రొయ్య ముక్కను ముఖం ముందు ఆడిస్తే, కట్నకానుకల్లో లోటు కనిపెట్టిన కొత్త అల్లుడిలా పక్కకు జరిగింది. అక్క మీద బెంగ అనుకున్నాను. ఆదివారం లేచి చూసేసరికి తొట్టి మధ్యలో కాళ్ళు ముడుచుకుని, రంగు వెలిసిపోయి, బుడగల తాకిడికి అటూ ఇటూ ఊగుతోంది. చెంచాతో కదిపాను. ఉలుకూ పలుకూ లేదు. వృత్తిధర్మం ప్రకారం మోటారు ఆపి మళ్ళీ ఆన్ చేశాను. అప్పటికీ లేవలేదు.

కింది వాటాలో ఇంటి ఓనరుగారి అబ్బాయి సాయినాథ్ ఉంటాడు. ఎవరి కష్టానికైనా పిలవకుండానే వచ్చే రకం. అలాంటివాడిని పిలిచాను. తొట్టి చుట్టూ తిరిగి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

"ఖతం భాయ్. మీ అక్కకు ఫోన్ చేసి చెప్పు."

"చెప్తే అక్కడే కూలిపోతుంది. రేపే డెమో."

"అయితే చెప్పకు. జెర పరేషాన్ గాకుండ నా మాటిను. గిసుంటి ఎండ్రకాయలు మార్కెట్ల మస్తుంటయ్. గదే సైజుది ఒకటి తెచ్చి పెట్టు. ఎండ్రకాయ ముఖం ఎవరు యాది పెట్టుకుంటరు?"

ఇప్పుడు తలచుకుంటే ఆ సలహా ఇచ్చినవాడి మీద కంటే, అది విని "నిజమే" అన్నవాడి మీదే నాకు ఎక్కువ కోపం. ఆ క్షణంలో మాత్రం సాయినాథ్ తల వెనక వెలుగు కనిపించింది.

ముందు అంత్యక్రియలు. మిఠాయి డబ్బాలో దూది పరిచి, దాన్ని పడుకోబెట్టి, డాబా మీది గులాబీ కుండీలో గొయ్యి తీశాం. సాయినాథ్ టోపీ తీశాడు. ఉన్నన్నాళ్ళూ ఎవరినీ గట్టిగా కరవలేదని నేను నాలుగు మంచి మాటలు చెప్పాను. చేతిలో డబ్బా చిత్రంగా తేలికగా ఉంది. మంచివాళ్ళు గిట్లనే అల్కగ పోతరని సాయినాథ్ కళ్ళు తుడుచుకున్నాడు. నిజమేననుకుని నేనూ తుడుచుకున్నాను.

తర్వాత చేపల మార్కెట్. ఫోనులో స్వర్గీయ పీత ఫొటో పెట్టుకుని, తప్పిపోయిన మనిషిని వెతికినట్టు గంపగంపకూ తిరిగాను. నా చేతిలోని ఫొటోను, నన్ను మార్చి మార్చి చూసి, పీతలమ్మే ఒక ముసలామె అడిగింది.

"కూరకా బిడ్డా, సంబంధం చూస్తున్నవా?"

ఉన్నవాటిలో అతి చిన్నది ఎంచాను. అయినా మన దానికి అన్నలా ఉంది. కాళ్ళకు తాడు కట్టి, తడి గోనెలో చుట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి తాడు కోసి తొట్టిలో వదిలాను. అది, అద్దెవాళ్ళు గోడకు మేకులు కొట్టారేమోనని చూడ్డానికి వచ్చిన ఓనరులా తొట్టంతా ఒక చుట్టు చుట్టి, మూలనున్న రాళ్ళ వెనక్కి దూరింది. లోపలి నుంచి కాసేపు గీకుడు వినిపించింది. ఇల్లు సర్దుకుంటున్నదని సాయినాథ్ మురిశాడు. సాయంత్రం రొయ్య ముక్క వేస్తే అది తిరిగి చూడలేదు. కడుపు నిండినట్టు కనిపించింది. దేనితో నిండిందో ఆలోచించేంత తెలివి నాకుంటే మీకీ కథ ఉండేది కాదు.

సోమవారం అక్క వచ్చింది. బ్యాగు దించకుండానే తొట్టి ముందు వంగింది.

"ఇదెవర్రా?"

"మన పీతే అక్కా. రొయ్యలు పెట్టాను కదా, కొంచెం ఒళ్ళు చేసింది."

అదే సమయానికి ఆ దుర్మార్గుడు ముందు కాళ్ళు గాజుకు ఆనించి, పొట్ట కనిపించేలా లేచి నిలబడ్డాడు.

"మన పీత ఆడది. దాని పొట్ట కింద మడత వెడల్పుగా ఉంటది. దీనికి చూడు, సన్నగా ఉంది. ఇది మొగది. రొయ్యలు తింటే మొగాళ్ళయిపోతారేటి?"

అప్పటిదాకా నా పక్కనే ఉన్న సాయినాథ్ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల వైపు జరిగాడు. నేను మొత్తం చెప్పేశాను. డబ్బా తవ్వి తెమ్మంది అక్క. తెచ్చాను. మట్టి దులిపి, వీపు మీది పెంకును గోటితో లేపింది. లోపల ఖాళీ.

"ఇందులో పీతేదిరా?"

"అదే కదా పీత."

"ఇది చొక్కా. విడిచేసిన చొక్కా," అంది నెమ్మదిగా. "పీత పెరగాలంటే పాత పెంకు విప్పేయాలి. ముందు తిండి మానేస్తది. తర్వాత వెనకవైపు నుంచి జారుకుని బయటికొచ్చేస్తది. కాళ్ళ తొడుగులు, కళ్ళ తొడుగులు అన్నీ అలాగే ఉండిపోతాయి. కొత్త పెంకు గట్టిపడేదాకా ఒళ్ళంతా మైనంలా మెత్తగుంటది, అందుకే రాయి కింద దాక్కుంటది. చెప్పే వెళ్ళాను కదరా."

అంటే మేము దూది పరిచి, టోపీ తీసి, కన్నీళ్ళు పెట్టుకుని ఒక చొక్కాను పాతిపెట్టాం. చొక్కాగలావిడ ఆ వేళకు రాయి కింద క్షేమంగా ఉంది. నేను మార్కెట్ నుంచి తిరిగొచ్చేదాకా క్షేమంగానే ఉంది.

అక్క రాయి ఎత్తింది. పట్టుకారులాంటి ముందుకాలు, మెత్తటి చిన్న డెక్క ఒక్కటి మిగిలింది. కొత్త పీత వెనక్కి జరిగి, తనకేమీ తెలియదన్నట్టు బుడగల వైపు చూస్తోంది.

అక్క తిడుతుందని ఎదురుచూశాను. తిడితే తేలికయ్యేది. నేలమీద కూర్చుని ఆ డెక్కను అరచేతిలో పెట్టుకుంది.

"అది దాక్కున్న చోటు బాగానే ఉందిరా. బయటినుంచి ఎవరూ రాలేరు. నువ్వు తెచ్చి దింపావు."

మార్కెట్‌కెళ్ళి ఇంకొకటి తెస్తానని మెట్ల మీదినుంచి సాయినాథ్ అన్నాడు. అక్క చూసిన చూపుకు మిగతా మెట్లు కూడా దిగిపోయాడు. డెమోకు గంట కూడా లేదు. స్థానిక పీత లేదు, పాఠం లేదు, పర్మనెంటు లేదు. పరాయి పీత ఒకటి మాత్రం ఆరోగ్యంగా ఉంది. అక్క కాసేపు దానివైపే చూసింది. తర్వాత లేచి, ముఖం కడుక్కుని, డెక్కను గాజు గిన్నెలో, పెంకును మిఠాయి డబ్బాలో పెట్టుకుంది.

"తొట్టి ఎత్తు," అంది నాతో.

క్లాసులో తొట్టిని బల్ల మీద దించి, చొక్కా నిండా ఉప్పునీళ్ళతో గుమ్మం దగ్గర నిలబడ్డాను. అక్క బొమ్మలు తెరవలేదు. డబ్బాలోంచి పెంకు తీసి చూపించింది, గిన్నెలోంచి డెక్క తీసి చూపించింది, జరిగినదంతా చెప్పింది. వెనక బెంచీలవాళ్ళు కూడా ముందుకొచ్చి తొట్టిలోకి తొంగిచూశారు.

"ఇది కూడా మన సముద్రానిదే," అంది అక్క. "కానీ ఈ తొట్టికి పరాయిది. పచ్చపీత కథా ఇంతే. అన్ని సముద్రాలూ అది ఈది రాలేదు. పెద్ద ఓడలు నిలకడ కోసం ఒక రేవులో నీళ్ళు నింపుకుని, ఇంకో రేవులో వదులుతాయి. ఆ నీళ్ళలో పీత పిల్లలుంటాయి. ఓడకి ఎవరిమీదా పగ లేదు. ఏం మోస్తోందో దానికి తెలీదు. దింపేసి పోతుంది." అని గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "అదిగో, మన ఓడ."

క్లాసంతా ఒక్కసారి నావైపు తిరిగింది. ముందు బెంచీలోని అమ్మాయి లేచి, ఓడ మంచిదేనా మేడమ్ అని అడిగింది.

"మంచిదేనమ్మా," అంది అక్క. "అందుకే ఎవరూ ఆపరు."

ఉద్యోగం అక్కకే వచ్చింది. ఆర్డరు చేతికిస్తూ ప్రిన్సిపాల్, ఈ పాఠం ఏటా చెప్పాలని, ఓడను కూడా తప్పకుండా తీసుకురావాలని కోరారట. ఇప్పటికి రెండుసార్లు వెళ్ళి నిలబడ్డాను. నాకు టీ ఇస్తారు.

కాబట్టి పాఠకులారా, తొట్టి ఇప్పుడుండే అక్క కాలేజీ ల్యాబులో, ఆ తొట్టి మీదే చెయ్యి వేసి నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకమీదట ఎవరు కదలకుండా పడి ఉన్నా, మూత తీసి లోపల మనిషి ఉన్నాడో లేదో చూశాకే ఏడుస్తాను. ఒకరి చోట్లో ఇంకొకరిని తెచ్చి దింపను. ఇది చెబుతున్నంతసేపూ ఆ మొగపీత గాజుకు ఆనుకుని, నా చేతిలో ఈసారి ఏ సంచీ ఉందోనని ఆశగా చూస్తూనే ఉంది.